పిన్ను పెట్టే చోటు లేని కారు

మా బావ కొత్త కారు తెచ్చిన రోజు, పెద్దమందడిలో ఆయన ఇంటి ముందు సగం ఊరు చేరి ఆ కారుకు బొక్క వెతికింది. కరెంటు పిన్ను పెట్టే బొక్క. ముందు చూశారు, వెనక చూశారు, బానెట్ ఎత్తి చూశారు, డిక్కీలో పరిచిన చాప పీకి చూశారు. ఒక పెద్దమనిషి ఇస్త్రీ చొక్కాతో కారు కిందికి దూరి, వీపంతా మట్టి చేసుకుని బయటికొచ్చి, "కింద గూడ లేదు" అని తీర్పు చెప్పాడు. పెట్రోలు పోసే మూత తీసి, అందులో పిన్ను పట్టదని తేల్చిన మేధావులు కూడా ఉన్నారు.

బావ కేబుల్ కొస పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. దానికోసం ఆయన మూడు రోజులు కష్టపడ్డాడు. ఇంటి వెనక చేనులో బోరు మోటారుకున్న స్టార్టర్ డబ్బా నుంచి గోడ మీదుగా వైరు లాగి, వాకిట్లో చెక్క పలక కొట్టి, దాని మీద పెద్ద సాకెట్ బిగించి, సాకెట్‌కు పసుపు రాసి బొట్టు పెట్టాడు. మా దిక్కు రైతుకు కరెంటు అంటే స్టార్టర్ డబ్బానే. చేనులో బల్బు వెలగాలన్నా, గడ్డి కోసే మిషను తిరగాలన్నా అక్కణ్నుంచే ఒక వైరు లాగుతాడు. కారు తిరగాలన్నా అంతే అనుకున్నాడు మా బావ. నిమ్మకాయలు తొక్కించారు, కొబ్బరికాయ కొట్టారు, హారతి ఇచ్చారు. కరెంటు పెట్టడం ఒక్కటే మిగిలింది.

సరిగ్గా అప్పుడు నేను వనపర్తి నుంచి బైక్ మీద వచ్చి దిగాను. పాతికేళ్లుగా అక్కడి కాలేజీలో పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నవాణ్ని కాబట్టి జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. "సారొచ్చిండు, సారుకు తెలుస్తది" అన్నారు.

"దీనికి పిన్ను పెట్టే బొక్క ఉండది బావా" అన్నాను.

"ఉండదంటే? మరి కరెంటు యాడికెళ్లి పోతది లోపటికి?"

"మనం పెట్టేది కాదు. పెట్రోలుతోటి నడిచేటప్పుడు, బ్రేకు తొక్కినప్పుడు అదే తయారు చేసుకుంటది. నువ్వు పెట్రోలే పొయ్యాలె. పొయ్యకుంటే కదలదు."

బావ కేబుల్ కొసకేసి చూశాడు, నాకేసి చూశాడు. "నువ్వు కరెంటు ఉంటదంటివి గదా" అన్నాడు. జనం నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ కారు కొనమన్నది నేనే.

దీని వెనక మా అక్క కథ ఉంది. మా అక్క ఇంజను ఉన్న బండి ఎక్కదు. నేను హైస్కూల్లో ఉన్నప్పటి నుంచీ అంతే. బస్సు ఎక్కదు, ఆటో ఎక్కదు, ట్రాక్టరు ఎక్కదు. బావ ఇరవై ఏళ్లు పెద్దమందడి నుంచి వనపర్తికి జీపు నడిపాడు. ఆ జీపులో మేకలు ఎక్కాయి, పల్లీ బస్తాలు ఎక్కాయి, బ్యాండు మేళంతో సహా పెళ్లివాళ్లు ఎక్కారు. మా అక్క ఒక్కసారి కూడా ఎక్కలేదు. వనపర్తిలో పని పడితే తెల్లారకముందే లేచి నడిచేది, లేకపోతే ఎడ్ల బండి, తర్వాత్తర్వాత సైకిలు వెనక. ఎందుకని అడిగితే "వాసన పడది" అనేది. ఊరికి అదొక తమాషా, నాకు అదొక సిగ్గు. ఇంత చదువుకున్నవాడి తోబుట్టువు ఇట్లా ఉంటే తల కొట్టేసినట్టుండేది. "అంత నీ మనసులనే ఉందక్కా" అని ఎన్నిసార్లు క్లాసు పీకానో లెక్క లేదు. ఆమె నా పళ్లెంలో ఇంకో జొన్న రొట్టె వేసేది.

ఈ మధ్య ఊళ్లోకి బ్యాటరీ స్కూటర్లు వచ్చాయి. పక్కింట్లో ఉండే అంగన్‌వాడీ టీచరు ఒకరోజు అక్కను బతిమాలి వెనక కూర్చోబెట్టుకుని వనపర్తి దాకా తీసుకొచ్చింది. అక్క మా ఇంటి ముందు దిగి, చీర సర్దుకుని, "దీనికి సప్పుడు లేదు తమ్మీ" అంది. వాసన లేదు అనలేదు, చప్పుడు లేదు అంది. పాతికేళ్లు ధ్వని తరంగాల పాఠం చెప్పిన నా చెవులకు ఆ మాట ఎక్కలేదు.

బావకు ఎక్కింది. వాళ్లకు చాలా ఏళ్ల తర్వాత పుట్టిన కూతురు ఒక్కతే. గద్వాలలో ఇచ్చారు. పెళ్లి ఇక్కడే చేశారు కాబట్టి అక్క ఇంతవరకు కూతురి గడప చూడలేదు. ఇప్పుడు ఆ పిల్లకు నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పుకు తల్లి స్వయంగా పోయి, ఒడి నింపి, వెంటబెట్టుకుని తెచ్చుకోవాలి. తల్లి బతికుండగా ఇంకెవరో పోయి తెస్తే మా దిక్కు పది మంది పది మాటలంటారు. గద్వాల ఇక్కడికి అరవై డెబ్బై కిలోమీటర్లు. నిండు చూలాలిని అంతదూరం స్కూటరు మీద ఎవరు తెస్తారు? బావ జీపు అమ్మేసి కరెంటు కారు కొందామనుకుని నాకు ఫోన్ చేశాడు.

"మీ అక్క ఎక్కుతది బామ్మర్దీ. దానికి సప్పుడుండదు గదా" అన్నాడు.

నేనేం చేశాను? ఆ మాటను ఈగను తోలినట్టు పక్కకు తోలి, అరగంట ఉపన్యాసం ఇచ్చాను. "నడిమిట్ల చార్జింగ్ అయిపోతే ఏం చేస్తవ్ బావా? పెబ్బేరు కాడ రోడ్డు మీద కూసుంటవా? మన దిక్కు ఇంకా ఆ ఏర్పాట్లు లేవు. ముందుగాల హైబ్రిడ్ తీసుకో. అది మెట్టు. మెట్టెక్కినంక కరెంటు కారుకు పోవచ్చు."

"దాంట్ల కరెంటు ఉంటదా?"

"ఉంటది. పెట్రోలు గూడ ఉంటది."

"గట్లనా. మంచిది" అన్నాడు. ఆయన గ్యాసూ పెట్రోలూ రెండూ ఉండి, మీట నొక్కితే ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారే కార్లు చూసినవాడు. ఇదీ అట్లాంటిదే అనుకున్నాడు. పెట్రోలు ముట్టుకోకుండా కరెంటు పెట్టుకుని నడుపుకోవచ్చు అనుకున్నాడు. ఆయన్ని ఏమనడానికీ లేదు. దారిలో ఏర్పాట్లు ఉన్నాయో లేవో నేను తిరిగి చూశానా? ఎవడో పేపర్లో రాస్తే చదివాను. కరెంటు కారు నడిపేవాణ్ని ఒక్కణ్నైనా అడిగానా? లేదు. నేను నడిపేది ఇప్పటికీ పెట్రోలు బైకే. అయినా సలహా ఇచ్చేటప్పుడు నా కళ్లు నెత్తికెక్కి ఉంటాయి.

ఈ మెట్టు అన్న మాట వింటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. హైదరాబాదు షోరూములో టై కట్టుకున్న పెద్దమనిషి కూడా బావకు అదే చెప్పాడట, భవిష్యత్తుకు తొలి మెట్టు సార్ అని. చల్లని నీళ్లిచ్చి మరీ చెప్పాడట. మెట్టు ఉన్నది కాలు పెట్టి దాటిపోవడానికి. ఉన్నదంతా దాని మీదే పెట్టించి, ఇక పదేళ్లు ఇక్కడే కూర్చో అంటే అది మెట్టు ఎట్లా అవుతుంది? ఇవాళ ఒకటి, నాలుగేళ్లకు ఇంకోటి కొనగలిగినవాడికి మెట్లు. మా బావలాంటి మనిషి బతుకులో ఒక్కసారి కారు కొంటాడు. ఆయనకు మేడ చూపించి మెట్టు అమ్మినవాడికి సిగ్గు లేదు, ఆ దుకాణానికి దారి చూపించిన నాకు అంతకంటే లేదు.

బొక్క లేదని తేలిన సాయంత్రమే నేను పెత్తనం నెత్తినేసుకున్నాను. ఆ కారులో ఒక మీట ఉంది, నొక్కితే కొంత దూరం బ్యాటరీ మీదే పోతుంది. "అక్కా, రా, కూసో. సప్పుడు రాదు" అన్నాను. అక్క పిండి చేతులు కడుక్కుని వచ్చి, చెప్పులు కిందే విడిచి, వెనక సీట్లో కొసకు కూర్చుంది. బావ నడిపాడు. కారు మెల్లగా కదిలింది. అక్క కిటికీ దించమంది. ఎవరింట్లోనో టీవీ, కోళ్లు, పంపు దగ్గర ఆడవాళ్ల మాటలు, అన్నీ లోపలికి వినిపించాయి. "మంచిగుంది" అంది. పెళ్లయిన ఇన్నేళ్లకు పెళ్లాం తన బండిలో కూర్చున్నందుకు బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బడి దాటాం. రైసు మిల్లు ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడికి రాగానే, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఇంజను దానంతట అదే గుర్రుమంది.

అక్క తలుపు తీసేసింది. కారు ఇంకా ఆగనే లేదు, బావ బ్రేకు తొక్కాడు కాబట్టి సరిపోయింది. దిగి, రోడ్డు పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ నిలబడింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "వాసనేడుందక్కా? కొత్త కారు. ఏమన్న వాసనొస్తుందా, నువ్వే చెప్పు" అన్నాను.

"మీరు పోండ్రి తమ్మీ. నేను నడిసొస్త" అంది. చెప్పులు ఇంటి దగ్గరే ఉన్నాయి. వట్టి కాళ్లతో ఇంటిదాకా నడిచింది. ఆమె వెనక మేమిద్దరం కారులో ఊరేగుతూ వచ్చాం. ఊరికి ఒకే రోజు రెండు తమాషాలు.

మర్నాడు లైన్‌మన్ వచ్చాడు. "వ్యవసాయం లైనుకెళ్లి కారుకు కరెంటు ఇస్తున్నవంట. కేసైతది పెద్దమనిషీ" అని స్టార్టర్ డబ్బా నుంచి లాగిన వైరు పీకించాడు. కానీ బావ సాకెట్ మాత్రం పీకలేదు. మనిషిని పిలిపించి ఇంటి మీటరు నుంచి దానికి కొత్త వైరు వేయించాడు. "పిన్నే లేని కారుకు సాకెట్ ఎందుకు బావా? పూజ చేస్తందుకా?" అన్నాను. "ఉండనీ" అన్నాడు. రోజూ పొద్దున్నే భుజం మీది తువ్వాలతో దాని దుమ్ము తుడిచేవాడు. కాలేజీ స్టాఫ్‌రూములో ఈ సంగతి అభినయంతో సహా చెప్పి అందరినీ నవ్వించాను. టీ చల్లారిపోయేదాకా నవ్వారు.

రేపు పోదాం మాపు పోదాం అనుకుంటుండగానే, నెల ముందుగానే నొప్పులు వచ్చి మేనకోడలికి గద్వాల దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లి బాగానే ఉంది, పిల్ల మాత్రం జర సన్నగా ఉంది. కాన్పుకు తల్లి రాలేదన్న మాట అక్కడ పడనే పడింది. వియ్యపురాలు పైకి ఏమీ అనలేదు, ఆ అనకపోవడం ఇక్కడిదాకా వినిపించింది. ఇరవై ఒకటో రోజు దాటాక బాలింతనూ పిల్లనూ తల్లిగారింటికి తేవాలి. "నువ్వొస్తెనే వస్తనమ్మా, నాయిన ఒక్కడొస్తె రాను" అని మేనకోడలు ఫోన్‌లో చెప్పిందట. బావ నాకు ఈ మాట చెబుతుంటే అక్క పక్కనే కూర్చుని చాటలో పల్లీలు చెరుగుతోంది. చెరగడం ఆపి, "పోదాం" అంది.

"ఎట్ల పోదామక్కా?"

"కార్లనే. సప్పుడొస్తె దిగుత. ఆగినంక ఎక్కుత."

భూమ్మీద అంత తెలివితక్కువ ప్రయాణం ఇంకోటి జరిగి ఉండదు. పొద్దున్నే ఆరింటికి బయలుదేరాం. బావ స్టీరింగు దగ్గర, నేను ఆయన పక్కన బ్యాటరీ గీతలు లెక్కపెడుతూ, అక్క వెనక సీట్లో బియ్యం, చీర, పిల్ల బట్టల మూట పెట్టుకుని. ఏసీ వేస్తే గీతలు తరుగుతాయి కాబట్టి ఏసీ లేదు. గట్టిగా తొక్కితే ఇంజను లేస్తుంది కాబట్టి తొక్కడం లేదు. కిలోమీటరో, కిలోమీటరున్నరో పోగానే గీతలు పడిపోయేవి. "వస్తున్నదక్కా" అని నేను కేకేసేవాణ్ని. బావ ఆపేవాడు. ఆమె దిగి నడక మొదలుపెట్టేది. ఇంజను మోగేది. మేమిద్దరం పెట్రోలు కాల్చి కరెంటు వండుకుంటూ రోడ్డు పక్కన కూర్చునేవాళ్లం. గీతలు నిండాక పోయి ఆమెను అందుకునేవాళ్లం. మళ్లీ కిలోమీటరున్నర.

వనపర్తి చేరేసరికి కాలేజీ టైమైంది. నా స్టూడెంట్లు చూడనే చూశారు, మా అక్క ముందు నడుస్తుండగా నేను వెనక కొత్త కారులో రాజాలాగా కూర్చుని ఉండటం. ఒకడు దగ్గరికొచ్చి, "ఏంది సార్, కారు ఖరాబైందా?" అన్నాడు. "లేదు, మంచిగనే ఉంది" అన్నాను. అసలు అవమానం అదే. చెడిపోయిన కారైతే తిట్టుకోవచ్చు. ఇది చెడిపోలేదు, ఎట్లా చేశారో అట్లా నడుస్తోంది. కాస్త చప్పుడు లేకుండా, కాస్త చప్పుడుతో. సగం మాట నిలబెట్టుకుని సగం ఎగ్గొట్టే మనుషులు నాకు చాలామంది తెలుసు, వాళ్లు కూడా అడిగితే బాగానే ఉన్నాం అంటారు.

పెబ్బేరు దాటి హైవే ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. లారీలు హారన్ కొట్టుకుంటూ మీదికొస్తున్నాయి. బీచుపల్లి దగ్గర కృష్ణ మీది బ్రిడ్జి ఎక్కాం. సరిగ్గా సగంలో గీతలు పడిపోయాయి. "ఈడ దిగొద్దక్కా, బ్రిడ్జి దాటనీ" అన్నాను. ఇంజను లేచింది. ఆమె చెయ్యి అప్పటికే తలుపు మీద ఉంది. బావ ఆపక తప్పలేదు. అక్కడ కారు నిలిపే వీలు లేదు, కాబట్టి ఆయన ముందుకు పోయాడు. నేను కూడా దిగి ఆమె వెనక పడ్డాను.

ఆకలి, ఎండ, పొద్దుటి నుంచి పడ్డ సిగ్గు, అన్నీ కలిసి నా నోటికి అడ్డు లేకుండా పోయింది. "వాసన లేదు, పొగ లేదు. ఏం రోగమక్కా నీకు? లోకమంత నవ్వుతుంది. తిరిగొచ్చేటప్పుడు ఎట్ల చేస్తవ్? ఆ ఇరవై దినాల పిల్లను సంకనేసుకొని గిట్లనే ఎండల నడుస్తవా?"

ఆమె ఆగలేదు. పిట్టగోడ పట్టుకుని నడుస్తూనే, నా వైపు చూడకుండా చెప్పింది.

"నువ్వు అప్పుడు హాస్టల్ల ఉంటివి, ఏడో తరగతి. నేను, మీ బావ కాల్వ పనికి పోతున్నం. నలభై మందిమి లారీల. రెండు దినాల తొవ్వ. పెద్దపిల్ల మూడు నెల్లది, నా ఒళ్లెనే ఉండె. జర పెయ్యి ఎచ్చగుండె. పండుకుందనుకున్న. లారీ సప్పుడుకు ఏం ఇనవడకపోతుండె. మజ్జాన్నం ఒక హోటల్ కాడ డ్రైవరు ఇంజను బందు చేసిండు. అప్పుడు చెవి పెట్టి సూసిన. ఊపిరి సప్పుడు లేదు."

మా పక్క నుంచి వరసగా నాలుగు లారీలు పోయాయి. అవి పోయేదాకా ఆగి మళ్లీ మొదలుపెట్టింది.

"ఎప్పుడు పోయిందో తెల్వదు తమ్మీ. ఎంతసేపు అట్లనే పట్టుకొని కూసున్ననో తెల్వదు. మేస్త్రీ ఆడనే పూడ్సిపెట్టుమన్నడు. పెట్టినం. మల్ల ఇంజను చాలు చేసిండు. ఎక్కినం."

అక్క మొదటి బిడ్డ జ్వరంతో పోయిందని నాకు తెలుసు. అంతకుమించి నేనెప్పుడూ అడగలేదు. ఆ కాల్వ పని ముగించుకుని వచ్చినప్పుడు అక్క హాస్టల్‌కు నాకొక కొత్త చొక్కా తెచ్చింది. రంగు బాగాలేదని నేను మూతి ముడుచుకున్న సంగతి మాత్రం బాగా గుర్తుంది. అప్పటి నుంచి ఆమె ఇంజను మొహం చూడలేదన్న సంగతినీ, ఆ ప్రయాణాన్నీ కలిపి ఒక్కసారైనా ఆలోచించలేదు. బావకు మొదటి నుంచీ తెలుసు. అందుకే ఫోన్‌లో ఆయన చప్పుడు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు కూడా నా నోట్లోంచి వచ్చిన మాట ఏమిటంటే, "మరి వాసన అంటివి గదా ఇన్నేండ్లు."

"ఏదో ఒకటి చెప్పాలె గదా. అడిగినోళ్లందరికీ అదంత యాడ చెప్పుదు?" అంది. "నాకు తిరిగొచ్చేటప్పుడు పిల్ల ఊపిరి ఇనవడాలె. గంతే. ఇది గుర్రుమంటే నాకు ఇనవడది."

బ్రిడ్జి చివర బావ కారు పక్కకు తీసి, గీతలు నింపుకుని, ఇంజను ఆగాక తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. అక్కడి నుంచి గద్వాల దాకా అక్క దిగినప్పుడల్లా నేను కూడా దిగి నడిచాను. నా కాళ్లు బొబ్బలెక్కాయి. ఎక్కాల్సిందే.

చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. అక్క కాళ్లు కడుక్కుని సరాసరి మంచం దగ్గరికి పోయింది. కూతురి తల నిమిరి, పిల్లను ఎత్తుకుని, ముద్దు కూడా పెట్టకుండా ఛాతీ మీద చెవి ఆనించింది. వియ్యపురాలు వింతగా చూసింది. అక్క చాలాసేపు అట్లాగే నిలబడింది.

తెల్లారి నేను ఆ సందులో తిరుగుతున్నాను. తిరుగు ప్రయాణం ఎట్లా అన్నది నా బుర్రలో పురుగులా తొలుస్తోంది. నాలుగిళ్ల అవతల ఒక కారు నిలబడి ఉంది. దాని ముక్కు దగ్గర నుంచి ఒక వైరు పక్కింటి కిటికీలోకి పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఆ ఇంటాయన టీ గ్లాసుతో బయటికొచ్చాడు. గద్వాల చీరల వ్యాపారి, సాయిబు.

"ఇది మొత్తం కరెంటేనా అన్నా?"

"మొత్తం కరెంటే సార్. రెండేండ్లాయె."

"దారిల చార్జింగ్ అయిపోతే పరేషాన్ కాదా?"

"ఎందుకైపోతది? వారానికొకపారి వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు చీరలేసుకొని పోత, మాపటికి వస్త. పండుకునేటప్పుడు పెడ్త, పొద్దుగాల తీస్త. ఫోను లెక్కనే." ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏం సార్, నడవదని ఎవరన్న చెప్పిన్రా?"

"ఎవడో చెప్పిండు" అన్నాను.

జీవితంలో మొదటిసారి ఉపన్యాసం లేకుండా, నాకేం కావాలో అడిగాను. అక్క సంగతి చెప్పాను, లారీ సంగతితో సహా. ఆయన టీ తాగడం ఆపేశాడు. "ఎల్లుండి నాగర్‌కర్నూల్ పోయేదుంది. పెద్దమందడి మీదికెళ్లి పోత. అమ్మను, బిడ్డను, పాపను నేను కూసోబెట్టుకొని పోత. పాటలు గూడ పెట్టను" అన్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున అక్క ఆ కారు వెనక సీట్లో కూర్చుంది, ఒళ్లో పాప, పక్కన కూతురు. ముందు బావ. వెనకాల మూటలూ, ఉయ్యాలా, మిగిలిన సామానూ వేసుకుని, ఎప్పుడో నేర్చుకున్న డ్రైవింగుతో హైబ్రిడ్‌లో నేను. వాళ్ల కారు మామూలు కారు పోయినట్టే పోయింది, ఎక్కడా ఆగలేదు. బ్రిడ్జి మీద కూడా ఆగలేదు. దాన్ని అందుకోవడానికి నేను తొక్కినప్పుడల్లా నా ఇంజను ఊరంతా వినేట్టు గుర్రుమంది. మెట్టు మీద నేనొక్కణ్నే ఉన్నాను, సామానుతో సహా.

రెండు గంటలైనా పట్టలేదు. నేను పెద్దమందడి చేరేసరికి ఆ కారు బావ వాకిట్లో ఉంది. వ్యాపారి కొంచెం మొహమాటంగా, "అన్నా, ఇంకా నాగర్‌కర్నూల్ పోయి గద్వాల మర్లాలె. జరసేపు చార్జింగ్ పెట్టుకోవచ్చునా? ఇంట్ల సాకెట్ ఏమన్న ఉందా?" అని అడుగుతున్నాడు.

బావ భుజం మీది తువ్వాల తీసి, చెక్క పలక మీది సాకెట్ ఒకసారి తుడిచి, పక్కకు జరిగాడు. వ్యాపారి వైరు తెచ్చి పిన్ను పెట్టాడు. సరిగ్గా పట్టింది. కారు ముందర చిన్న పచ్చ దీపం వెలిగింది. మొన్న కారు కింద దూరిన పెద్దమనిషి గోడ అవతలి నుంచి తొంగి చూసి, "ఇగో, దీనికున్నది బొక్క" అన్నాడు. బావ నన్ను చూశాడు. నేను తల దించుకుని ఉయ్యాల దించడానికి పోయాను.

అక్క ఇంకా దిగలేదు. మేనకోడలు లోపలికి పోయింది, అక్క మాత్రం పాపను చెవి దగ్గర పెట్టుకుని అట్లాగే కూర్చుంది. నేను పోయి తలుపు తీశాను.

"ఇనవడ్డదా అక్కా?"

"తొవ్వ పొడుగూత ఇనవడ్డది" అంది. ఆమె మొహం నేనెప్పుడూ చూడనంత తేటగా ఉంది. "బ్రిడ్జి మీద ఎక్కిళ్లొచ్చినయి. పెబ్బేరు కాడ తుమ్మింది. వనపర్తి దాటినంక గురక గూడ పెట్టింది, ఇంత పిల్ల."

ఆమె పాపను నా చేతికిచ్చి, చెప్పులేసుకుని, కిందికి దిగింది.

"నువ్వు ఎన్క కార్ల ఉంటివి గదా తమ్మీ," అంది, నిష్ఠూరమేమీ లేకుండా. "నీకు ఇనవడది."